వెదురు బియ్యానికి ఇద్దరు పాపాయమ్మలు

ఒక పెద్ద అడవిలో ఒక ఏడు వెదురు పూసింది.

వెదురు పూయడమంటే ఏటా జరిగే సంగతి కాదు. ఏ నలభై ఏళ్ళకో ఒకసారి పూస్తుంది, గింజ రాలుస్తుంది, ఆ పైన నిలువునా ఎండిపోతుంది. వెదురు బియ్యం చూడకుండానే చచ్చిపోయే జంతువులే ఎక్కువ. అందుకని ఆ ఏడు చూసినవన్నీ ఎవరి ఓపిక కొద్దీ వాళ్ళు ఏరుకుని, ఎండబెట్టుకుని, నేలలో పాతర్లు తవ్వి దాచుకున్నాయి.

పందికొక్కు పాపాయమ్మ కూడా దాచుకుంది. నల్లమద్ది చెట్టు కింద ఆవిడ పాతర. చెట్టుకి నాలుగు అడుగుల దూరంలో, ఒక బండరాయి కింద ఆవిడ కాపురం. మొగుడు పోయాడు. పిల్లలు ఎవరి కన్నాలు వాళ్ళు చూసుకున్నారు. పళ్ళు అరిగాయి, పరుగు తగ్గింది. ఇక బతికినన్నాళ్ళూ ఆ బియ్యమే ఆధారం.

ఆవిడకి పిల్లి భయం లేదు, పాము భయం లేదు. ఉన్నదల్లా మరుపు భయం. మీసాలు దువ్వుకున్నానో లేదోనని రెండోసారి దువ్వుకునేది. రోజూ పొద్దున్నే లేచి, "పాతర నల్లమద్ది కింద. కాపురం బండ కింద. నేను పాపాయమ్మని," అని మూడుసార్లు పైకి చెప్పుకునేది.

"పాతర సంగతి పైకి అరవకు వదినా, అడవంతా వింటుంది," అనేది పక్కింటి తాబేలు మంగతాయారు.

"అడవి వింటే విననీ. నేను వినాలి కదా!"

అలా ఉండగా కుందేలు పాతర ఎవరో తవ్వుకుపోయారు.

అడవి గగ్గోలెత్తింది. అధ్యక్షుడు అడవిదున్న సభ పిలిచాడు. ఆయన గడ్డి మేస్తాడు గనక దాచుకోవలసింది ఏమీ లేదు. అందువల్లే భద్రత విషయంలో ఆయన మనసు ఎప్పుడూ నిశ్చింతగా ఉండేది. కార్యదర్శి కొండముచ్చు లేచి, తోకని భుజం మీద వేసుకుని మాట్లాడాడు.

"సోదరులారా, మీ బియ్యం ఎక్కడుందో మాకు తెలియనప్పుడు మేం దాన్ని ఎలా కాపాడతాం? కాబట్టి అందరూ ఆఫీసుకి వచ్చి, పాతర ఎక్కడుందో, ఎన్ని దారులున్నాయో నమోదు చేయించుకోండి. ఒక రహస్య మాట చెప్పండి. ప్రతి పాతర దగ్గరా ఒక కావలివాణ్ణి పెడతాం. ఆ మాట చెప్పినవాళ్ళకే దారి వదులుతాడు. నెలకి దోసెడు బియ్యం రుసుము."

కుందేలు చెయ్యెత్తాడు. "నా పాతర పోయింది గనక అడుగుతున్నాను. ఎక్కడుందో ఒక్కడికే తెలిస్తేనే పోయింది. ఇక ఆఫీసంతటికీ తెలిస్తే?"

"నీ పాతరలో ఇప్పుడు ఏముంది?"

"ఏమీ లేదు."

"లేనివాడికి భద్రత గురించి మాట్లాడే హక్కు లేదు. కూర్చో."

"మరి అధ్యక్షుల వారికి?" అన్నాడు కుందేలు కూర్చుంటూనే. సభ నవ్వింది. అడవిదున్న కూడా, ఎవరి గురించో తెలియక, నవ్వాడు. "అలాగే కానివ్వండి," అన్నాడు. ఆయన ఏ సభలోనైనా ఆ ఒక్క మాటే అనేవాడు.

నమోదు చేయించుకోని జంతువులకి మడుగులో నీళ్ళు తాగే బిళ్ళ ఇవ్వరని మర్నాడు తెలిసింది. అందరూ వరసలో నిలబడ్డారు.

గుమాస్తా గిజిగాడు మోదుగాకుల మీద ముక్కుతో గీస్తూ రాసుకునేవాడు. ఒక్కొక్కరికి మూడు ఆకులు. రహస్య మాటతో సహా వివరాలన్నీ రాసిన ఆకు ఆఫీసు పెట్టెలోకి. మాట ఒక్కటే రాసిన ఇంకో ఆకు కావలివాడికి. మాట తప్ప తక్కిన వివరాలన్నీ రాసిన ఆకు రికార్డుకి.

"పాతర ఎక్కడ పెద్దమ్మా?"

"నల్లమద్ది కింద. కాపురం బండ కింద. నేను పాపాయమ్మని."

"అడిగింది ఒక్కటే. సరే, దారులెన్ని?"

పాపాయమ్మ వేళ్ళు ముడిచి లెక్కపెట్టింది. "ఆరు."

"మీరు మాట మర్చిపోతే, మీరు మీరే అని మేం తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు. మీ అమ్మ పుట్టిన కన్నం పేరు?"

"ఉసిరిగట్టు."

"పెళ్ళినాడు తిన్నది?"

"నేరేడు పండు. ఒకటే ఉంటే ఇద్దరం తిన్నాం."

"మీ మొదటి పన్ను దేని మీద విరిగింది?"

"చింతగింజ మీద నాయనా."

"ఇక రహస్య మాట. ఎవరూ ఊహించలేనిది చెప్పాలి."

పాపాయమ్మ అటూ ఇటూ చూసి, సిగ్గుపడి, గిజిగాడి చెవి దగ్గర ఏదో గొణిగింది. గిజిగాడు నవ్వు ఆపుకుని రాసుకున్నాడు.

"నాయనా, ఒకవేళ నేను మర్చిపోతే..."

"ఇక మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు పెద్దమ్మా. ఆఫీసు ఉన్నదే అందుకు."

ఎన్నాళ్ళకో పాపాయమ్మ గుండె తేలికైంది. తనకి బదులు గుర్తుపెట్టుకునేవాళ్ళు ఒకరు దొరికారు. ఆ సంతోషంలో మర్నాడు పొద్దున్న పాతర సంగతి పైకి చెప్పుకోవడం కూడా మానేసింది.

పాతరకి కావలిగా ఉడుము వచ్చాడు. ఐదు దారుల మీద బండలు పెట్టించి, ఆరోదాని ముందు కూర్చున్నాడు. పేరు భద్రయ్య. చెప్పిన రూలు పట్టుకుంటే వదిలే రకం కాదు.

పది రోజులకి పాపాయమ్మకి ఇంట్లో గింజలు నిండుకున్నాయి. పాతర దగ్గరికి వెళ్ళింది.

"దండాలు పాపాయమ్మ గారూ," అన్నాడు భద్రయ్య. "మాట?"

పాపాయమ్మ నోరు తెరిచింది. మాట లేదు. ఎక్కడ పెట్టిందో అక్కడ లేదు.

"చింతచిగురు?"

"కాదు."

"వెదురు బియ్యం?"

"అది అడవిలో అందరూ పెట్టుకున్న మాట. మీది కాదు."

"ఉసిరిగట్టు?"

"కాదు. రోజుకి మూడే అవకాశాలు. రేపు రండి పాపాయమ్మ గారూ."

"పాపాయమ్మ గారూ అని పిలుస్తున్నావు కదయ్యా! నేనెవరో నీకు తెలుసు కదా!"

"నాకు తెలుసు. రూలుకి తెలియదు కదండీ."

ఆవిడ ఆఫీసుకి పరిగెత్తింది. పరుగంటే ఆవిడ పరుగే, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరింది. గిజిగాడు మూడు ప్రశ్నలూ అడిగాడు. అమ్మ పుట్టిన కన్నం చెప్పింది. నేరేడు పండూ చెప్పింది. మూడో ప్రశ్న దగ్గర తడబడింది.

"రేగు గింజ మీద విరిగింది."

గిజిగాడు పెట్టెలోని ఆకు చూసి పెదవి విరిచాడు. "తప్పు."

"నా పన్నే కదా నాయనా విరిగింది!"

"మీ పన్నే కావచ్చు. ఆకు మాది. ఆకులో వేరేలా ఉంది. మీరు పాపాయమ్మ కారేమోనని అనుమానం వేస్తోంది. నెల తర్వాత రండి."

ఆ రోజు ఆవిడ ఖాళీ కడుపుతో ఇల్లు చేరింది. ఆకలి కంటే గిజిగాడి మాట ఎక్కువ బాధపెట్టింది. నేను నేను కాకపోతే, మరి ఇంతసేపు నడిచి వచ్చిందెవరు?

మంగతాయారు వచ్చి కూర్చుంది. "లే వదినా. ఎలుగుబంటి కొట్లో ఇప్పపువ్వు ఉండలు కొనిపెడతాను. నా మాట నాకు గుర్తుందిలే. నిన్ననే దోసెడు బియ్యం తీసుకొచ్చుకున్నాను."

మడుగు ఒడ్డున ఎలుగుబంటి కొట్టు. ఆ మధ్య దొన్నెలు చాలా బాగుంటున్నాయని పేరు. పాపాయమ్మ ఉండలు తిని, దొన్నె విప్పి, అంటుకున్న పాకం నాకుతూ ఆగిపోయింది. పాకం కింద రాత ఉంది.

"పాపాయమ్మ. పందికొక్కు. పాతర నల్లమద్ది కింద..." అని చదివింది. ఆపైన ఎగిరి గంతేసింది. "చింతగింజ! వదినా, చింతగింజే! రేగు గింజ మీద విరిగింది మా ఆయన పన్ను!"

మంగతాయారు తన దొన్నె విప్పి చూసింది. దాంట్లో ముంగిస వివరాలున్నాయి. పక్కన ఉండలు తింటున్న ముంగిస చేతిలోని దొన్నెలో మంగతాయారు వివరాలున్నాయి.

"ఈ ఆకులు ఎక్కడివయ్యా?" అని ఎలుగుబంటిని అడిగింది.

"ఆఫీసులోవే. మూడో ఆకులు మోపు కట్టి తూకానికి అమ్ముతున్నారు. ఏం ఆకులండీ! చిల్లి లేదు, చిరుగు లేదు," అన్నాడు ఎలుగుబంటి మెచ్చుకోలుగా.

పాపాయమ్మకి అదేమీ పట్టలేదు. తాను తానే అనడానికి రాతపూర్వకమైన రుజువు దొరికింది. ఆ ఆకు పట్టుకుని మర్నాడు నేరుగా కొండముచ్చు దగ్గరికే వెళ్ళింది.

కొండముచ్చు ఆకు చూశాడు. ముఖం ఎలాగూ నలుపే, ఇంకా నల్లబడింది.

"ఇది ఆఫీసు రహస్య పత్రం. నీ చేతికెలా వచ్చింది?"

"ఇప్పపువ్వు ఉండలతో వచ్చింది సెక్రటరీ గారూ."

"రహస్య పత్రం దగ్గర పెట్టుకోవడం నేరం. దాన్ని నాకడం ఇంకా పెద్ద నేరం. రెండు దోసెళ్ళు జరిమానా."

"పాతరలోకి వెళ్ళనిస్తే కడతాను. జవాబు ఇప్పుడు తెలిసింది. చింతగింజ."

"చూసి చెప్పిన జవాబు చెల్లదు. గుర్తుండి చెప్పాలి." కొండముచ్చు ఆకు లాక్కుని గిజిగాడికిచ్చాడు. గిజిగాడు దాన్ని రికార్డు మోపులో పడేశాడు. మోపు సాయంత్రానికి మళ్ళీ ఎలుగుబంటి కొట్టుకి వెళ్ళింది.

ఆ కొట్లో రోజూ ఉండలు తిని, దొన్నెలు మాత్రం పారెయ్యకుండా దాచుకునేవాడు ఒకడున్నాడు. గోరువంక. ఏ గొంతైనా ఒక్కసారి వింటే చాలు, అచ్చంగా అలాగే పలుకుతాడు.

మర్నాడు పాపాయమ్మ బండ కింద పడుకుని ఉంటే పైనుంచి కొండముచ్చు గొంతు వినబడింది.

"పాపాయమ్మా! కదలకు! ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను. నీ పాతరలో దొంగ బియ్యం ఉన్నట్టు తేలింది. నీ మీద కేసు పెట్టాం. బయటికి రాకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు. నీ తల్లి పుట్టింది ఉసిరిగట్టు. పాతరకి ఆరు దారులు. అవునా?"

"అవును బాబూ!" అంది పాపాయమ్మ వణుకుతూ. ఇన్ని తెలిసినవాడు ఆఫీసువాడు కాక ఎవడవుతాడు?

"అయితే నీ రహస్య మాట చెప్పు. సరిచూసి కేసు కొట్టేస్తాం."

"అయ్యో బాబూ, చెప్పేదాన్నే. మర్చిపోయాను."

"ఏంటీ?"

"మర్చిపోయాను. అది మీ పెట్టెలోనే ఉంది కదా. మీరే తీసి చెప్పండి, అవునో కాదో నేను చెబుతాను."

పైనుంచి ఒక దగ్గు వినబడింది. ఆ దగ్గు కొండముచ్చుది కాదు.

"గుర్తు తెచ్చుకో ముసలిదానా! మొదటి అక్షరం ఏది?"

"అది గుర్తుంటే నేనే తినేదాన్ని కదా నాయనా. మొదటి అక్షరం మీరు చెప్పండి, పుణ్యం ఉంటుంది."

అలా సాయంత్రం దాకా ఒకరినొకరు బతిమాలుకున్నారు. చివరికి రెక్కల చప్పుడు వినబడింది. కేసు ఏమైందో తెలియక పాపాయమ్మ మర్నాడు గిజిగాడి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"మళ్ళీ ఏంటి పెద్దమ్మా?" అన్నాడు గిజిగాడు విసుగ్గా. "ఇప్పుడే కదా మాట చెప్పాను!"

"ఎవరికి?"

"మీకే! ఆ చెట్టు చాటున నిలబడి అడిగారు. మూడు ప్రశ్నలకీ టకటకా చెప్పారు. చింతగింజ కూడా తడుముకోకుండా చెప్పారు. ఎంత ముచ్చటేసిందో, నెల గడువు సంగతే పట్టించుకోలేదు. రోజూ అలా ఉంటే ఎంత బాగుండు!"

"అది నేను కాదు నాయనా!"

"మరి మీరెవరు?" అన్నాడు గిజిగాడు. "ఆమె అన్నీ సరిగ్గా చెప్పింది. మీరు తప్పు చెప్పారు. ఇద్దరిలో పాపాయమ్మ ఎవరో నన్నే తేల్చమంటే నేను ఆమే అంటాను."

పాపాయమ్మ ఆ మాట పూర్తిగా వినలేదు. అప్పటికే పరుగు మొదలుపెట్టింది. ఈసారి అది నిజంగా పరుగే. పోయేది దోసెడో పుట్టెడో కాదు, మిగిలిన ఏళ్ళన్నీ పోతాయి. మళ్ళీ వెదురు పూసేదాకా ఆవిడ ఉండదు.

నల్లమద్ది కొమ్మల మీద గోరువంకల గుంపు ఉంది. అన్నిటికంటే కింది కొమ్మ మీద, దొన్నెలు దాచుకునే ఆ గోరువంక కూర్చుని, పాపాయమ్మ గొంతుతో, "భద్రయ్యా, ఇవాళ మాట గుర్తొచ్చింది నాయనా," అంటున్నాడు.

భద్రయ్య పైకి చూడలేదు. చూడమని రూలులో లేదు. "చెప్పండి."

"గారపళ్ళ పిల్లా."

పాపాయమ్మ ఉన్నచోటే ఆగిపోయింది.

అది ఆవిడ గారపట్టిన పళ్ళని చూసి మొగుడు పిలిచే పిలుపు. ఆయన పోయాక ఆ మాట అన్నవాళ్ళు లేరు. ఆ రోజు వరసలో నిలబడి, ఎవరికీ తెలియని మాట కావాలంటే అదే నోటికొచ్చింది. తీరా గుర్తుచేసుకునేటప్పుడు అన్నీ వెతికింది గానీ అటువైపు వెతకలేదు. అలాంటి మాట ఆఫీసులో చెప్పానంటే ఆవిడే నమ్మదు. ఇప్పుడు దాన్ని ఎవడో తన గొంతుతోనే అంటున్నాడు.

ఆవిడకి భయం పోయింది. ఒళ్ళు మండింది.

భద్రయ్య పక్కకి జరిగాడు. గోరువంక రెక్కలు విప్పాడు. ఈలోగా పాపాయమ్మ నేలకంటుకుని దూసుకొచ్చి, "గారపళ్ళ పిల్లా!" అని అరుస్తూ, భద్రయ్య తోక మీదుగా దొర్లి, దారిలోకి దూరింది. దూరిందో లేదో వెనక్కి తిరిగి, పందికొక్కులు తరతరాలుగా చేసే పని చేసింది. కాళ్ళతో మట్టి ఎత్తిపోసి లోపలి నుంచి దారి పూడ్చేసింది.

గోరువంక వచ్చి మట్టిని ముక్కుతో పొడిచాడు. "తెరిపించు! నేను పాపాయమ్మని! మాట చెప్పాను!"

"చెప్పారు," అన్నాడు భద్రయ్య. "మాటకి ఒకరికే ప్రవేశం. పాపాయమ్మ గారు లోపలికి వెళ్ళారు."

"నేనే పాపాయమ్మని అంటున్నాను కదా!"

"అయితే మీరు లోపలే ఉన్నారు. బయట ఉన్నవాళ్ళతో మాట్లాడటానికి నాకు రూలు లేదు."

గోరువంక ఎంత మొత్తుకున్నా ఉడుము కదలలేదు. ఆవిడ కోసం కాదు, రూలు కోసం.

లోపల పాపాయమ్మ ముందు కడుపు నిండా తింది. తర్వాత కూర్చుని ఆలోచించింది. మాట ఇద్దరికి తెలిసిపోయింది. రేపు వాడు ముందు వస్తే? దిగులుగా పాతర గోడ తడుముతూ వెళ్తుంటే మీసాలకి చల్లగాలి తగిలింది. అటు జరిగి మట్టి తోసింది. దారి! బండ కింది కాపురంలోకే ఒక దారి!

ఏడో దారి. తవ్విన ఏడాదే మర్చిపోయింది. ఆఫీసుకి చెప్పాలని కూడా తోచలేదు.

మూడు పగళ్ళు కష్టపడి బియ్యమంతా ఆ దారిన కాపురంలోకి చేరవేసింది. దారి పూడ్చేసింది. బయట భద్రయ్య ఖాళీ పాతరకి గట్టి కావలి కాస్తూనే ఉన్నాడు.

ఆ మూడు రోజుల్లో గోరువంక తక్కిన దొన్నెలన్నీ వాడేశాడు. ఒక్కొక్కరి గొంతుతో ఆఫీసులో మాట అడిగి తీసుకోవడం, పాతర ఖాళీ చెయ్యడం. మంగతాయారుది పోయింది. ముంగిసది పోయింది. అడవంతా మళ్ళీ సభకి వచ్చి కూర్చుంది.

కొండముచ్చు తోక భుజం మీద వేసుకున్నాడు. "సోదరులారా, ఒక్క పాతరా పగలలేదు. ప్రతిచోటా సరైన మాట చెప్పే బియ్యం తీసుకున్నట్టు కావలివాళ్ళు రాశారు. కాబట్టి దొంగతనం జరగలేదు. మీ బియ్యం మీరే తీసుకున్నారు. తీసుకుని మర్చిపోయారు."

"నా బియ్యం నేను తీసుకుని మర్చిపోయానా!" అంది మంగతాయారు. "డిప్పలో పెట్టుకుని తిరుగుతున్నానేమో చూడు!"

అప్పుడే ఆఫీసు పాతర దగ్గరి కావలివాడు వచ్చాడు. వాడు భద్రయ్య తమ్ముడే.

"సెక్రటరీ గారూ, పొద్దున మీరు వచ్చి రుసుముల బియ్యమంతా తీసుకెళ్ళారు కదా. ఇక అక్కడ నేనుండాలా, ఇంటికెళ్ళనా?"

"నేనా?" కొండముచ్చు తోక జారింది. "నేను పొద్దుటి నుంచి ఇక్కడే ఉన్నాను!"

"మీరేనండీ. మీ గొంతే, మీ మాటే. కాకపోతే కాస్త మర్యాదగా మాట్లాడారు."

కార్యదర్శి ఆకు కూడా మూడో ఆకుల మోపులోనే ఉంది. ఎవరికీ మినహాయింపు లేదని సంతకం పెట్టింది ఆయనే.

"అది నేను కాదు! దొంగ! దొంగతనం!" అని అరిచాడు కొండముచ్చు.

అడవిదున్న నెమరు ఆపి, ఆ పదవిలోకి వచ్చాక మొదటిసారి కొత్త మాట అన్నాడు.

"నువ్వే తీసుకుని ఉంటావు. మర్చిపోయావు."

"అలాగే కానివ్వండి!" అంది సభ.

నమోదు అక్కడితో ఆగింది. మిగిలిన ఆకులన్నీ మంటలో వేశారు. ఎలుగుబంటి ఒక్కడే బాధపడ్డాడు. మాట బయటపడినా కావలివాడు దొంగని లోపలికి రానివ్వని పాతర ఒక్కటే ఉందని గిజిగాడి లెక్కల్లో తేలడంతో, ఉత్తమ భద్రతా బహుమతి పాపాయమ్మ ఖాళీ పాతరకే వచ్చింది. బహుమతి ఒక మోదుగాకు. పాపాయమ్మ ఆ ఆకులో వెదురు బియ్యం అన్నం వడ్డించి మంగతాయారుకి పెట్టింది.

"ఇంతకీ బియ్యం ఎక్కడ దాచావు వదినా?" అంది మంగతాయారు నోటి నిండా అన్నంతో.

"గుర్తులేదు," అంది పాపాయమ్మ, బండ మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంటూ.

నీతి: నీ గురించి అడిగినవన్నీ తడుముకోకుండా చెప్పగలిగినవాడు ఎవడైనా కావచ్చు గానీ, నువ్వు మాత్రం కాదు.